నల్లరాతి వలయాలు

పసుపు సాగుకు పేరుపడ్డ ఆర్మూరు చుట్టూ ఉన్న గుట్టలు గ్రానైటువి. అయితే ఆ ఊరి మీదుగా సాగే 44వ జాతీయ రహదారి గోదావరి దాటి ఉత్తరాన నాగ్‌పూర్ చేరాక, నగరానికి పడమటన నేల స్వభావమే మారిపోయి, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట భూమి పగుళ్లలోంచి పొంగి పొరలుగా గడ్డకట్టిన లావా, అంటే బసాల్టు అనే నల్లరాయి, కనిపిస్తుంది.

నాగ్‌పూర్ నుంచి కాటోల్ వెళ్లే దారిలోని జూనాపాణి వద్ద ఆ రాళ్లనే గుండ్రంగా పేర్చి, నడుమ మట్టి, రాళ్లు నింపిన సమాధులు దాదాపు 300 ఉన్నాయి. క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దిలో, ఇనుము వాడకం తెలిసిన జనం కట్టిన ఇటువంటి కట్టడాలను బృహత్ శిలా సమాధులు అంటారు. తెలంగాణ పల్లెల్లో వీటిని రాకాసి గుళ్లని పిలవడం, ఇంతటి రాళ్లను మామూలు మనుషులు కదిలించారని నమ్మలేకపోవడం వల్లనే కావచ్చు.

దగ్గరలోని మాహుర్‌ఝరి సమాధుల తవ్వకాల్లో గుర్రాల ఎముకలు, వాటి తలలకు తొడిగిన రాగి నగలు దొరికాయి. చనిపోయిన మనిషికి తోడుగా గుర్రాన్ని అలంకరించి పంపిన ఆ మమకారం ఇప్పటికీ మనసును కదిలిస్తుంది.

జూనాపాణి వలయాల్లో కొన్ని రాళ్లపై వరుసగా తొలిచిన చిన్న గుంటలు ఉన్నాయి. లెక్క కోసమో, దిక్కు కోసమో తేలని ఆ గుంటల్లో, ఏటవాలు ఎండ పడే ఉదయం వేళ, నీడ నిలిచి ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపిస్తుంది.