ఎవర్‌గ్లేడ్స్‌లో ఎలిగేటర్ ఫొటో

వారమంతా కంప్యూటరు, ఆదివారం కెమెరా. మయామీలో నా కాలక్షేపం ఇదే.

చలికాలం సెలవులకి మనవాళ్ళు చాలామంది ఎవర్‌గ్లేడ్స్ చూడ్డానికి వస్తుంటారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు తక్కువ. నీళ్ళు తగ్గి ఎలిగేటర్లన్నీ మిగిలిన మడుగుల దగ్గరికి చేరతాయి. అన్హింగా ట్రెయిల్లో, షార్క్ వ్యాలీలో అయితే దారి పక్కనే పడుకుని ఉంటాయి. చిక్కంతా అక్కడే. కదలట్లేదు కదా అని "కన్నా, దాని పక్కన నిలబడరా, ఒక్క ఫొటో" అనేస్తాం.

పార్కు వాళ్ళు చెప్పేది కనీసం 15 అడుగుల దూరం. నేనైతే దానికి రెట్టింపు పాటిస్తాను. 300 ఎంఎం లెన్సు ఉంటే అక్కణ్ణుంచి కూడా కంటిపాపలోని నిలువు గీత స్పష్టంగా వస్తుంది. ఫోనుతో తీసేవాళ్ళు చెక్క వంతెన మీదే ఉండండి. కెమెరా నీటి మట్టానికి దించితే బొమ్మ బాగుంటుంది, నిజమే. కానీ ఒడ్డున గొంతుకూర్చోవద్దు. గజేంద్రమోక్షం విని పెరిగినవాళ్ళం, నీళ్ళ దగ్గర బలం ఎవరిదో వేరే చెప్పాలా? బుస కొట్టిందంటే మరీ దగ్గరికి వెళ్ళారన్నమాట. మెల్లగా వెనక్కి జరగండి. చుట్టూ పిల్లలు కనిపిస్తే తల్లి పక్కనే ఉందనుకోండి.

ఎలిగేటర్‌కి తిండి వేయడం ఫ్లోరిడాలో నేరం. మనిషిని చూడగానే తిండి గుర్తొచ్చేలా అలవాటైన జంతువుని చివరికి సాధారణంగా చంపేస్తారు. అందుకే పిల్లల చేతుల్లో చిప్స్ పాకెట్లు ఉంటే కారులోనే పెట్టించేయండి.