అతికినదానిని విడదీయుట



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంధులు కలుపుటయు, విడదీయుటయు నేర్పితిని. ఆ విద్యనే వార్ధక్యమున ఒక కారుల కొట్టమునందు మరల నేర్చుకొనవలసివచ్చునని తలపలేదు. ఆ ముచ్చటనే నేడు విన్నవించెదను.

అమెరికా దేశమున సెయింట్ లూయిస్ నగరమందు మా కుమారుని యింట కొన్ని మాసము లుంటిని. ప్రక్కయింటి వృద్ధునకు పాత కార్వెట్ కారొకటి కలదు. అది 1966లో ఆ నగరముననే తయారైనది. ఆయన అన్నగారు దానిని జీవితాంతము నడిపి, తమ్మునకు విడిచి పోయెనట. ఒకనాడది చెట్టునకు తగిలి, ఎడమవైపు ముందుచక్రముపై నుండు రెక్క బ్రద్దలయ్యెను.

షెవ్రొలే సంస్థవారు 1953లో, ఫ్లింట్ అను పట్టణమున, 300 బండ్లతో ఈ కార్వెట్ తయారీ నారంభించిరి. దీని చట్రము ఉక్కుదే గాని, పైదేహము ఇనుపరేకు కాదు. గాజును సన్నని పోగులుగా తీసి, రెజిను అను జిగురుతో తడిపి, అచ్చులలో గట్టిపరచిన పలకలవి. దీనినే ఫైబర్‌గ్లాస్ అందురు. ఇది తుప్పు పట్టదు. కాని ఇనుపరేకువలె సుత్తితో సరిచేయ వీలుకాదు. వంగుటకు మారుగా చిట్లును. రెండు పలకల యంచులను దగ్గరచేర్చి, లోపలివైపున అదే పదార్థపు పట్టీని అడ్డముగా పెట్టి జిగురుతో అతికింతురు. పైని సందు పూడ్చి, నునుపుచేసి, రంగు వేసినపిమ్మట అతుకు కంటికి కనబడదు.

వృద్ధుని మనుమడు ఉత్సాహవంతుడు. తాత లోపలికి పోయినయంతలో, అతుకనుకొన్నచోట ఉలి దూర్చి మీటెను. టప్పుమని శబ్దమయ్యెను. చెడిన రెక్క అట్లే యుండెను. ప్రక్కనున్న మంచిపలక జానెడు మేర పగిలెను. అది అన్నగారినాటి పలక.

తాత వచ్చి చూచెను. ఒక్కమాటయు అనక, ముక్కునకును నోటికిని తొడుగు కట్టి, చేతులకు తొడుగులు వేసికొని, మనుమనికి నట్లే చేయించెను. గాజుధూళి ఊపిరితిత్తులకు చెఱుపు, చర్మమునకు దురద. పిమ్మట తలుపుసందులు కొలిచి వ్రాసికొని, ముందుభాగము క్రుంగకుండ ఆధారములు పెట్టెను. గరుకుకాగితముతో రంగును రుద్దగా, వేరువన్నెగల సన్నని గీత తేలెను. అదియే అతుకు. మనుమడు ఉలి పెట్టినచోటికి అది రెండంగుళముల దూరమున నుండెను!

దీపము పట్టి లోపలి పట్టీని చూపెను. పగిలిన రెక్కను అతుకునకు రెండువ్రేళ్ల యెడము విడిచి కోసి తీసెను. మిగిలిన యంచును వేడిగాలి యంత్రముతో మెల్లగా కాచి, జిగురు మెత్తబడినంత మేరకే పలుచని బద్దను పట్టీకిని పలకకును నడుమ జొనిపెను. వేడి మించినచో పలకలోని రెజినే చెడును. కావున అంగుళ మంగుళముగా, నిలిచి నిలిచి సాగెను. సాయంకాలమునకు రెక్క విడెను, పట్టీ నిలిచెను. క్రొత్తరెక్క కదియే ఆధారము.

“రాముడతడు” అను మాట నిచ్చినచో, తొందరపడు బాలుడు “రాము” అని యొకముక్క, “డతడు” అని యొకముక్క చేయును. లోపించిన ఉకారము నెరిగినవాడు “రాముడు, అతడు” అని రెండింటిని నిండుగా నిలుపును. విడదీయుట యనగా విరుచుట కాదు.

ఇది నేనెరుగనిదా? ఎరుగుదును. పండ్రెండవయేట, వానకు తడిసి అంటుకొన్న మా నాయనగారి తాళపత్రములను, ఆయన ఊరనులేనివేళ నేనే లాగితిని. ఒక ఆకుమీది యక్షరములు రెండవదానికి అంటుకొని ఊడివచ్చెను. నాయనగారును నన్నొక్కమాట అనలేదు. ఆ మౌనము నాకు నేటికిని వినబడుచునే యున్నది.

మరునాడు వృద్ధుడు పగులును అరగదీసి, గాజుగుడ్డ పొరలు రెజినుతో వేసి, ఆ పని మనుమనిచేతనే చేయించెను. పలక అతుకుకొన్నది. మా తాళపత్రములకు అట్టి చికిత్స లేకపోయెను.

పెద్దలారా! పొలము పంచినను, ఉమ్మడి యిల్లు విడగొట్టినను, ముందుగా అతుకెచ్చటనో వెదకుడు. పిమ్మటనే చేయి పెట్టుడు. ఎవడైన పిల్లవాడు తొందరపడి పగులగొట్టినచో, బాగుచేయు పనియు వానికే నేర్పుడు.

సెలవు.