వలసపోయి వచ్చిన పిల్లలు – మన బాధ్యత



మన పాలమూరు పల్లెల నుండి బొంబాయి, పుణె వలసలు మనమంతా చూసినవే. తిరిగొచ్చిన పిల్లలకు మరాఠీ, హిందీ నోటికొస్తాయి. తెలుగు అక్షరాల దగ్గర తడబడతారు. బడిలో తోటివారు నవ్వితే మర్నాడు రారు.

గుమాస్తాగా నేనూ తప్పు చేశాను. ఒక తల్లిని టి.సి. తెమ్మని రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి ఆమె రాలేదు.

2010లో అమలుకొచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం టి.సి. ఆలస్యమైనా, వయసు రుజువు లేకున్నా చేర్చుకోవలసిందే. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి ప్రత్యేక శిక్షణ ఇవ్వవలసిందే. అయితే చట్టం బెరుకు తీయదు.

మనలో వారానికొకరు అమరచింత బడికి పోయి దరఖాస్తులు నింపిపెడదాం. ముందు "బువ్వ తిన్నవా బిడ్డా" అని అడుగుదాం. కాగితాల సంగతి తరువాత.