పేగుల నడక – మొక్కల మందులు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళలో ఎవరికైనా కడుపులో బాగులేకపోతే, డాక్టరు కంటే ముందు వంటింటి డబ్బాలు, మూలికల కొట్టు పొట్లాలు గుర్తుకొస్తాయి. అందులో తప్పేమీ లేదు. అయితే ఏ ఆకు పేగును ఏం చేస్తుందో తెలుసుకొని వాడాలి.

పేగు గోడల్లో కండరాలున్నాయి. అవి వరుసగా ముడుచుకొని, సడలి, తిన్నదాన్ని ముందుకు తోస్తాయి. కొన్ని మొక్కలు ఈ నడకను పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

మొదట సనా. హకీములు సనా మక్కీ అంటారు, తెలుగులో నేలతంగేడు. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతపు పంట విదేశాల్లో కూడా పేరు పొందింది. దీనిలోని సెన్నోసైడ్లు చిన్నపేగులో దాదాపు మారకుండా దిగిపోతాయి. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని విడగొట్టిన తరువాతనే పని మొదలవుతుంది. అప్పుడు కండరాలు గట్టిగా కదులుతాయి, నీరు లోపలే నిలుస్తుంది. అందుకే రాత్రి వేసుకొంటే తెల్లవారి, అనగా సుమారు 6 నుంచి 12 గంటలకు, విరేచనమవుతుంది. రెండు గంటల్లో కాలేదని మళ్ళీ వేసుకోకూడదు. వారాల తరబడి వాడితే ఒంట్లో పొటాషియం తగ్గిపోవచ్చు. కడుపులో తీవ్రమైన నొప్పి, వాంతులు ఉన్నప్పుడు అసలే వద్దు. అది అపెండిసైటిస్ అయితే ప్రాణాపాయం.

ఇసబ్‌గోల్ వేరు. ఫారసీలో ఈ పేరుకు గుర్రపు చెవి అని అర్థం, గింజ ఆకారం అలా ఉంటుంది మరి! గుజరాత్, రాజస్థాన్‌లలో బాగా పండుతుంది. దీని పొట్టు నీటిని పీల్చి ఉబ్బి, మలాన్ని మెత్తపరుస్తుంది. నిండు గ్లాసు నీళ్ళు తప్పనిసరి. నీళ్ళు చాలకపోతే గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది.

ఇక నల్లమందు. దీనిలోని మార్ఫిన్ గురించి జర్మనీ దేశపు సెర్ట్యూర్నర్ 1817లో వివరంగా ప్రకటించాడు. ఇది పేగులోని నరాలను అణచి, నడకను మందగింపజేస్తుంది. పూర్వం కొందరు తల్లులు పసిపిల్లలకు విరేచనాలు ఆగాలని, నిద్ర పట్టాలని రవ్వంత నాకించేవారు. అమ్మలారా, అదే మందు బిడ్డ శ్వాసను కూడా అణచివేస్తుంది! విరేచనాలు ఆగినట్లు కనిపిస్తాయిగాని, రోగక్రిములు లోపలే ఉంటాయి. కర్మాగారంలో తయారయ్యే లోపెరమైడ్ మాత్ర కూడా పేగు మీద ఇదే దారిలో పనిచేస్తుంది. రెండేళ్ళలోపు పిల్లలకు అది నిషిద్ధం.

మరి బిడ్డకు విరేచనాలైతే ఏం చేయాలి? పేగును ఆపడం కాదు, పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఇవ్వాలి. ఒక లీటరు పొట్లం ఓ.ఆర్.ఎస్.ను సరిగ్గా లీటరు నీళ్ళలో, కాచి చల్లార్చినవాటిలో, కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. తల్లిపాలు మానవద్దు. జింకు మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులో 10 నుంచి 14 రోజులు వేయండి. మలంలో రక్తం కనిపించినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా పడివున్నా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోండి.

ఆకు అయినంత మాత్రాన అమాయకమైనది కాదు. పనిచేసే ప్రతి మందుకూ మోతాదు ఉంది, సమయం ఉంది. ఈ నాలుగు మాటలూ ఇంటి దగ్గరున్న అమ్మమ్మలకు, నానమ్మలకు కూడా చెప్పండి. వాళ్ళ మాట మీదనే మన ఇళ్ళలో మందు డబ్బా తెరుచుకొంటుంది.