తెర మీది పాట
(రేడియో ప్రసంగ పాఠము)

  దగ్గర బైబిలు ఉన్నవారు ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయము తీయండి.

మోషేకు అప్పటికి 120 ఏండ్లు. తాను యొర్దాను దాటబోవడము లేదని అతనికి తెలుసు. ధర్మశాస్త్రమంతా వ్రాసి యాజకుల చేతికి అప్పగించాడు. ఇంక పని అయిపోయిందని మనము అనుకుంటాము. కాని దేవుడు అతనికి మరియొక పని చెప్పాడు. అదేమిటి? ఒక పాట. 19వ వచనములో ఆ పాటను గురించి రెండు ఆజ్ఞలు ఉన్నవి, జాగ్రత్తగా చూడండి. మొదటిది, పాటను వ్రాయాలి. రెండవది, దానిని ప్రజలకు నేర్పి వారి నోటికి వచ్చేటట్లు చేయాలి. ఎందుకు? 21వ వచనములో జవాబు ఉన్నది. ముందు ముందు వారు తిని తృప్తిపడి దేవుని మరచిపోయే రోజులు వస్తాయి. అప్పుడు మోషే ఉండడు. ఆ పాట మాత్రము వారి పిల్లల నోట మిగిలి, దేవుని పక్షమున సాక్ష్యము పలకాలి.

వ్రాయడము ఒకటి, నోటికి రావడము ఒకటి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమును గూర్చి ఈ పూట కొంచెము మాట్లాడుకుందాము. ఎందుకంటే మన సంఘములలో ఇప్పుడు పాట తెర మీదికి వచ్చింది. పట్టణాలలోనే కాదు, మండల కేంద్రాలలోని చిన్న సంఘములలో కూడా ప్రొజెక్టరో, గోడకు పెద్ద టి.వి.యో, ప్రక్కన ఒక లాప్‌టాప్, దాని ముందు ఒక యౌవనస్థుడు కనబడుతున్నారు. దీనిని గురించి శ్రోతలు ఉత్తరములు కూడా వ్రాస్తున్నారు. కొందరు ఇది లోకాచారమంటారు. కొందరు ఇది లేకపోతే యౌవనులు రారంటారు. రెండు మాటలూ నాకు తొందరపాటుగానే కనబడుతున్నాయి.

పాట చూసి పాడడము క్రొత్త సంగతి కాదు. 1524లో జర్మనీలో లూథరు అనుచరులు 8 పాటలతో ఒక చిన్న పుస్తకము అచ్చు వేశారు. వాటిలో 4 లూథరు వ్రాసినవే. సంఘమంతా పాడాలంటే అందరి చేతిలోను పాట ఉండాలన్నది వారి ఆశ. మరి చదువురాని వారి సంగతి? 1645లో ఇంగ్లాండు పార్లమెంటు ఆమోదించిన ఆరాధన క్రమములో దానికి ఒక ఏర్పాటు చేశారు. చదవగలవారు పుస్తకము పట్టుకోవాలి, చదువురానివారు నేర్చుకోవాలి, అంతవరకు బోధకుడో మరియొకరో ఒక్కొక్క పంక్తి ముందుగా చదివి వినిపిస్తే సంఘము దానిని పాడాలి అని. వింటుంటే మీకు మన పల్లె సంఘములు గుర్తుకు రావడము లేదూ? సాయంకాల కూటములో ఉపదేశిగారు చరణము ముందుగా చెప్పి, "ఇప్పుడు పాడండమ్మా" అనడము మన పెద్దలెందరో ఎరిగినదే. అలాగే అక్షరము ముక్క రానివారికి పెద్ద పెద్ద కీర్తనలు నోటికి వచ్చాయి.

తెర చేసే మేలు తెరది. దానిని కాదనకూడదు. పుస్తకములోకి వంగిన తలలు పైకి లేస్తాయి. చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లికి చేయి ఖాళీ అవుతుంది. మొదటిసారి గుడికి వచ్చిన వ్యక్తి నంబరు వెదకుతూ సిగ్గుపడనవసరము లేదు. చూపు మందగించిన పెద్దలకు చిన్న అచ్చు కంటె పెద్ద అక్షరము దీవెన. పరుగెత్తేవాడు సహితము చదవగలిగేటట్లు దర్శనమును పలకల మీద స్పష్టముగా వ్రాయమని హబక్కూకు ప్రవక్తకు దేవుడు చెప్పాడు గదా, 2వ అధ్యాయములో. స్పష్టముగా కనబడేటట్లు వ్రాయడము దేవునికి ఇష్టమైన పనే.

అయితే "స్పష్టముగా" అన్న మాట దగ్గర మన వాళ్లను కాస్త ఆపాలి. తెలుగు లిపికి దాని అవసరాలు దానికి ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరము గీత మీద నిలబడుతుంది. మన అక్షరము క్రింద ఒత్తు వ్రేలాడుతుంది, పైన గుడి, ఏత్వము ఎక్కుతాయి. పంక్తికీ పంక్తికీ మధ్య చాలినంత చోటు ఇవ్వకపోతే పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి తలకట్టులో చిక్కుకుంటాయి. అందుకని ఒక తెరకు నాలుగు పంక్తులు చాలు. వెనుక కదిలే సముద్రము, ఎగిరే పావురాలు వద్దు. ముదురు రంగు మీద తెల్లని అక్షరము చాలు. కిటికీలన్నీ తెరచిన పగటి ఆరాధనలో తక్కువ వెలుతురు గల ప్రొజెక్టరు బొమ్మ వెలవెలపోతుంది. కొనేముందు పగలే వేసి చూడండి.

ఇంకొక చిక్కు. ఏండ్ల క్రితము అను ఫాంట్లలో టైపు చేసిన పాటలు మన సంఘములలో వందల కొద్దీ ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వాటిని తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. యూనికోడ్‌లోనికి మార్చి పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది. పాటలకోసమే చేసిన సాఫ్ట్‌వేరులు ఉన్నాయి. ఈజీవర్షిప్, ప్రోప్రెజెంటర్ వంటివి డబ్బు పెట్టి కొనాలి, ఓపెన్‌ఎల్‌పి ఉచితము. వీటిలో పాటను ఒకసారి పల్లవి వేరుగా, చరణములు వేరుగా ఎక్కించి పెడితే, పేరులో ఒక ముక్క కొట్టగానే పాట దొరుకుతుంది. ప్రతి చరణము తరువాత పల్లవి దానంతట అదే వచ్చేటట్లు క్రమము పెట్టవచ్చు. చిన్న సంఘము దీనికోసము చందాలెత్తి అప్పుల పాలు కానక్కరలేదు.

టైపు చేసిన తరువాత ఎవరైనా చదివి చూస్తున్నారా? ఇది కాపరులను అడుగుతున్నాను. క్రీస్తు "శ్రమ" అని ఉండవలసిన చోట ఒక్క అక్షరము మారితే క్రీస్తు "భ్రమ" అవుతుంది. సంఘమంతా కన్నులెత్తి దానిని పాడుతుంది! ప్రసంగములో తప్పు ఆ పూటతో పోతుందేమో గాని, కంప్యూటరులో తప్పు ప్రతి ఆదివారము తిరిగి వస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో చాలా వాటిపై రాగము, తాళము అచ్చు వేసి ఉంటాయి. తెర మీదికి ఎక్కేటప్పుడు అవి రాలిపోతున్నాయి. వ్రాసిన భక్తుని పేరు రాలిపోతున్నది. 1890లో ప్రభువు సన్నిధికి వెళ్లిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పాడుతూ, ఇవి ఎవరివో ఎరుగని తరము లేస్తున్నది. పాట మొదటి తెర మీద చిన్న అక్షరములతో ఆ పేరు వేయడానికి ఎంత శ్రమ?

అసలు భారమైన సంగతి ఇప్పుడు చెబుతాను. ఒక సహోదరి ఇలా వ్రాసింది: "అయ్యగారూ, మా గుడిలో తెర పెట్టినప్పటినుండి మా అత్తగారు పాడడము మానేశారు. ఆమెకు చదువు రాదు. మునుపు ఆమే పాట ఎత్తేది. ఇప్పుడు అందరూ గోడ వైపు చూస్తుంటే, ఆమె నేల వైపు చూస్తున్నారు."

ప్రియులారా, ఆ తల్లి ఒక్కతే కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు, ఆ పైబడిన స్త్రీలలో చదవను వ్రాయను తెలిసినవారు సుమారు 59 శాతము. మిగిలినవారు నూటికి నలభై మంది. మన పల్లె సంఘములలో చాప మీద కూర్చునేవారిలో ఎక్కువమంది ఎవరు? వయసు మళ్లిన స్త్రీలు. పాటను వారి నోట ఎవరు ఉంచారు? వారి తల్లులు, ఉపదేశిగారు, బైబిలు స్త్రీలు. ఆ నోటనుండే మనమూ నేర్చుకున్నాము. ఇప్పుడు చదువు వచ్చినవారిని ముందు వరుసకు తెచ్చి, నోటికి వచ్చినవారిని వెనుకకు నెడుతున్నామా?

మరొక ప్రక్క మన పిల్లలున్నారు. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియము చదివే పిల్లలు, అమెరికాలోని తెలుగు సంఘములలో పుట్టి పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని అక్షరములు కూడబలుక్కోలేరు. వారికోసము తెలుగు పంక్తి క్రింద ఇంగ్లీషు అక్షరములతో అదే మాట వేస్తున్నారు. మంచిదే. అవ్వకు చదువు రాదు, మనుమరాలికి లిపి రాదు. మనుమరాలికోసము రెండవ పంక్తి వేశాము. మరి అవ్వకోసము ఏమి చేశాము?

కంప్యూటరులో ఎక్కించని పాట క్రమక్రమముగా సంఘములో వినబడదు. ఇదీ ఆలోచించవలసినదే. ఇదివరకు కీర్తనల పుస్తకములో ఏవి ఉండాలో పెద్దలు కూర్చుండి ప్రార్థించి నిర్ణయించేవారు. ఇప్పుడు టైపు చేసే అబ్బాయికి తెలిసిన పాటలే సంఘపు పుస్తకము. అతనిది తప్పు కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు. పది చరణముల కీర్తనలో రెండు టైపు చేసి వదిలేస్తే, సిలువ దగ్గర మొదలైన కీర్తన పునరుత్థానము చేరకుండానే ఆగిపోతుంది.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చూడండి. పౌలు, సీలలు లోపలి చెరసాలలో, కాళ్లకు బొండ వేయబడి, మధ్యరాత్రి వేళ పాడుతున్నారు. అక్కడ వెలుతురు ఉన్నదా? 29వ వచనము చదవండి. చెరసాల నాయకుడు లోపలికి రావడానికి దీపము తెమ్మని అడగవలసి వచ్చింది. అంటే ఆ పాట చీకటిలో పాడిన పాట. గోడ మీద అక్షరము లేదు, చేతిలో పుస్తకము లేదు. తోటి ఖైదీలు విన్నారు. మనలో ఎవరికైనా ఆసుపత్రి మంచము మీద, ఆపరేషను గది బయట, నిద్ర పట్టని రాత్రి, ఏ పాట నోటికి వస్తుంది? ప్రతి ఆదివారము పాడిన పాటే అయినా, తెర చూసి పాడినది రెండవ పంక్తి దగ్గర తెగిపోతున్నదని ఎందరో చెప్పారు. కన్ను చదివేస్తుంటే మనస్సు దాచుకోవడము మానుకుంటుంది.

కాబట్టి తెర తీసివేయమని నేను చెప్పడము లేదు. కొన్ని పనులు చేయమని బ్రతిమాలుతున్నాను. నెలకొక కీర్తన ఏర్పరచుకోండి. మొదటి ఆదివారము పంక్తి పంక్తి నోటితో చెప్పి నేర్పండి, నేర్పే బాధ్యత ఆ పాట ఎరిగిన పెద్దమ్మలకు ఇవ్వండి. నాలుగవ ఆదివారము దానిని తెర లేకుండా పాడండి. ఆ సాఫ్ట్‌వేరులలో తెరను నల్లగా చేసే బటన్ కూడా ఉంటుంది, దానిని వాడడము నేర్చుకోండి. సండేస్కూలు పిల్లలు వాక్యము కంఠస్థము చేసినట్లే కీర్తన కూడా చేయాలి. లాప్‌టాప్ దగ్గర కూర్చునే సహోదరుడు పాటల ప్రాక్టీసుకు రావాలి, అతనూ పాడాలి. పాడనివాడు పంక్తి ముగియక ముందే తెర మారుస్తాడు, లేదా ముగిసినా మార్చడు. దావీదు దినములలో పాటలు నేర్చిన ప్రవీణులు 288 మంది అని 1 దినవృత్తాంతములు 25లో ఉన్నది. ఈ పని కూడా ఆ వరుసలోని పరిచర్యే అని అతనికి చెప్పండి, అతనికోసము ప్రార్థించండి.

కాపీరైటు సంగతి ఒక్క మాట. మన దేశపు చట్టములో రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరముల వరకు హక్కు ఉంటుంది. నిజమైన మతపరమైన ఆరాధనలో పాడడానికి చట్టము మినహాయింపు ఇచ్చింది గాని, పాటలను కాపీ చేసి పంచడము, అమ్మడము వేరు సంగతి. జీవించి ఉన్న రచయితను ఒక ఫోను చేసి అడగడము మర్యాద.

ఇక కరెంటు. ఇన్వర్టరు ఉంటే మంచిదే. లేకపోతే భయపడవద్దు. ఈసారి పాట మధ్యలో కరెంటు పోయి తెర ఆరిపోయినప్పుడు, కాపరీ, మీరు వెంటనే మైకు దగ్గర కంగారుపడకండి. ఒక్క క్షణము ఊరకుండి, పాట ఏ మూలనుండి ఆగకుండా సాగుతున్నదో వినండి. ఆ పాడుతున్నవారి పేర్లు వ్రాసి పెట్టుకోండి. మరుసటి ఆదివారము పాట నేర్పవలసినది వారే.

వచ్చే వారము ఇదే సమయమునకు నెహెమ్యా 8వ అధ్యాయము ధ్యానించుకుందాము. చదివి సిద్ధపడండి. ప్రభువు మీకు తోడై యుండును గాక. ఆమేన్.