మూలధ్వని – ప్రతిధ్వని



మన కర్నూలు, కడప మండలములలో చెక్కభజనలు పాడువారును, పద్యములు రాగముతో చదువువారును నేటికిని కలరు. వారిలో పెక్కండ్రు వృద్ధులు. ఆ కంఠములను పదిలపఱుపవలెనని చదువుకొన్న పిల్లలు సెల్‌ఫోనులలో పట్టి, కంప్యూటరులో దిద్ది, చిన్న ప్రతులు తీసి పంపుచున్నారు. ఇది మెచ్చదగిన పని. కాని దిద్దునప్పుడు వినబడిన ధ్వని యొకటి, ప్రతిలో వినబడు ధ్వని వేఱొకటి యగుచున్నది. యంత్రము బొంకునా యని మా యూరి పిల్లవాడొకడు నన్నడిగెను. దానికి సమాధానమిది.

యంత్రము ధ్వనిని కాలువ నీటివలె ఎడతెగక పట్టదు. సెకనునకిన్ని మాఱులని కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసికొనును. సంగీతపు కాంపాక్టు డిస్కునకు సెకనునకు 44,100 కొలతలు. సామాన్యమైన టెలిఫోను మాటకు 8,000. కొలతలలో సగమునకు మించిన కంపనములు ఆ అంకెలలో నిలువవు. నైక్విస్టు 1928లోను, షానను 1949లోను ప్రకటించిన వ్యాసములు ఈ సూత్రమునకు ఆధారములు. కావున 8,000 కొలతల ప్రతిలో 4,000 కంపనములకు పైబడిన నాదమునకు చోటు లేదు.

ఇది తెలుగువారికి చిన్న నష్టము కాదు. అచ్చుల బలము చాలవఱకు క్రింది కంపనములలో నుండును. దంత్యమగు సకారపు బలము విశేషముగా 4,000కు పైననే యుండును. అది పోయినచో సకారము ఫ్యానులోని ఫకారమువలె వినబడును. తాళముల మ్రోతయు మొద్దుబాఱును.

మఱి దిద్దునప్పుడు స్ఫుటముగా వినబడుటకు హేతువులు రెండు. పలుమాఱులు కంప్యూటరు అప్పుడు మనకు వినిపించునది పెద్ద కొలతల మూలమునే. ఇక రెండవది. ఆడాసిటీ అను దిద్దుబాటు సాధనములో కొలతలు మార్చు పద్ధతులు రెండు కలవు: అప్పటికప్పుడు వినిపించుటకు త్వరితమైనదొకటి, ప్రతి తీయుటకు నిదానమైనదొకటి. త్వరితమైన దానిలో వడపోత చాలనిచో, చోటులేని కంపనములు క్రిందికి మడతపడును. 8,000 కొలతలలో 5,000 కంపనముల నాదము 3,000గా వినబడును. సినిమాలో బండిచక్రము వెనుకకు తిరిగినట్లు తోచుటయు నిట్టిదే. ఆ తళుకు మూలమున లేనిది. నిదానమైన పద్ధతి దానిని వడగట్టుటచే ప్రతి మందముగా తోచును. ఇచ్చట బొంకినది ప్రతి కాదు, దిద్దునప్పటి వినికిడియే.

కడపలో కొలువు చేసిన బ్రౌను దొర వ్రాతప్రతులను సేకరించి, పండితులచేత ఒకదానితో నొకటి సరిచూపించెను. 1829లో వేమన పద్యములను ప్రకటించెను. ఆయన బంగళా యుండిన చోట నేడు ఆయన పేర గ్రంథాలయము కలదు. ప్రతిని మూలముతో పోల్చక నమ్మరాదనుట ఆయన మార్గము. ధ్వనికిని అదియే మార్గము.

కావున మీ మనుమలతో మూడు మాటలు చెప్పుడు. ప్రతి తీసిన పిమ్మట ఆ ప్రతినే వేఱుగా తెఱచి, మూలముతో పోల్చి, సకారములను వినవలెను. పాటకు 44,100 కొలతలు తగ్గింపరాదు. పంపుటకు చిన్న ప్రతి తీసినను మూలమును చెఱుపరాదు. కోసివేసిన కంపనములను ఏ యంత్రమును యథాతథముగా మరల తేజాలదు. పాడినవారు గతించిన పిమ్మట ఆ సకారమును మరల పలుకువారును ఉండరు.