స్పర్శ తెగని చర్మము
(గంగవరములో రైతుల సభయందు ఒక వైద్యుడు చేసిన ప్రసంగము)



మన చిత్తూరు సీమలో చెరకు గానుగ ఆడించువారికిని, పశువులకు మేత నరుకు యంత్రమును త్రిప్పువారికిని ఒక భయము తెలియును. రెప్పపాటు ఏమరినచో బొటనవ్రేలి కొన పోవును. పూర్వము వైద్యులు పొట్టమీది చర్మమును తెచ్చి ఆ మొండికి కప్పెడివారు. గాయము మానెడిది; స్పర్శ మాత్రము అంతంత మాత్రముగనే యుండెడిది. అట్టి వ్రేలు చూపునకు వ్రేలేగాని పనికి కొయ్యముక్క. చీకటిలో గుండీ పెట్టుకొనలేదు. బెల్లపు పెనము తగిలి కాలినను తెలిసికొనలేదు.

1950 దశకములో స్వీడను దేశపు మోబర్గు, అమెరికా దేశపు లిట్లరు మొదలగు శస్త్రవైద్యులు దీనికొక ఉపాయము చూపిరి. ఉంగరపువ్రేలికి చిటికెనవ్రేలి వైపుననుండు చర్మమును చిన్న ముక్కగా తీయుదురు. తీయుదురన్న మాటేగాని పూర్తిగా త్రెంపరు. దానికి రక్తమిచ్చు నాళమును, స్పర్శనిచ్చు నరమును అట్లే యుంచి, అరచేతి చర్మము క్రింద దారిచేసి, బొటనవ్రేలికి చేర్చి కుట్టుదురు. వేరు త్రెంపకయే తీగను ప్రక్క పందిరికి మరలించినట్లన్నమాట. తెగిన నరమును కుట్టినచో అది దినమునకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. ఇచ్చట నరము తెగనేలేదు గనుక స్పర్శకై నెలలు వేచియుండ పనిలేదు.

ఒక వింత కలదు. బొటనవ్రేలిని తాకినచో, ఉంగరపువ్రేలిని తాకినట్లు తోచును. మెదడునకు పాత చిరునామాయే తెలియును గదా! కొందరికిది క్రమముగా మారును, కొందరికి మారదు. చర్మమిచ్చిన వ్రేలి ప్రక్క మొద్దుబారును. కావున వైద్యుడు ఆలోచించియే దీనికి పూనుకొనును.

"కుష్ఠువ్యాధిచే స్పర్శ పోయినవారికి ఇట్లు చేయరాదా?" అని ఇంతకుముందు ఒక పెద్దాయన అడిగిరి. ఆ వ్యాధిలో నరమే చెడును. నేను చెప్పిన చర్మమునకు స్పర్శనిచ్చు నరమే మోచేతివద్ద తరచుగా మొదట దెబ్బతినును. ఎండిన కాలువను ఎటు మరలించిన నేమి?

మనకు దగ్గరిదైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు గారు వంకరపోయిన వ్రేళ్ళను స్నాయువులు మార్చి చక్కజేసిరి. రోగముచే వ్రేళ్ళు కుళ్ళి రాలునని లోకమనుకొనుచుండగా, నొప్పి తెలియని గాయములచేతను, కాలిన పుండ్లచేతను అవి పోవుచున్నవని చూపిరి. పోయిన స్పర్శను మాత్రము ఆయనయు తేలేకపోయిరి. అందుచే కంటితో చేతిని కాపాడుకొనుట రోగులకు నేర్పిరి. వేడిగిన్నెను గుడ్డతో పట్టవలెను. ప్రతి రాత్రియు చేతులు, పాదములు పరీక్షించుకొనవలెను.

నేడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో కుష్ఠుకు మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. నరము చెడకముందే మ్రింగిన మందు, చెడిన పిదప చేయు ఏ శస్త్రచికిత్సకన్నను మేలు. ఒంటిపై పాలిపోయిన మచ్చ కనబడి, కన్నులు మూసికొని దూదితో తాకినను తెలియనిచో, నొప్పి లేదు గదా యనియో, చెరకు నరకుట కానిమ్మనియో జాగుచేయక ఆ వారమే వెళ్ళి చూపించుకొనుడు.